నారింజ టోపీలు ఎందుకు ఓడాయి?

యాంకర్: ఎన్నికల్లో సోషల్ మీడియా అనగానే అందరూ 2008, ఒబామా అంటారు. మీరేమో అంతకు ముందే మొదలైందంటున్నారు.

విశ్లేషకుడు: 2003లో హోవార్డ్ డీన్‌తో మొదలైందండీ. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్ర మాజీ గవర్నర్, డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీలో ఉన్నారు. ఆయన అభిమానులు మీటప్ అనే సైటులో ఒకరినొకరు వెతుక్కుని కలుసుకోవడం మొదలుపెట్టారు. ఎవరో పైనుంచి చెప్పి చేయించింది కాదది. ప్రచార ఆఫీసు తర్వాత మేల్కొంది.

ప్రచార నిపుణురాలు: మరి ఓడిపోయారు కదా సార్!

విశ్లేషకుడు: అక్కడికే వస్తున్నా మేడమ్. 2004 జనవరి, అయోవా రాష్ట్రం. అభ్యర్థి ఎంపికకు అక్కడ పార్టీ ఓటింగ్. బయటి రాష్ట్రాల నుంచి వేలమంది వాలంటీర్లు దిగారు. నెత్తిన నారింజ రంగు టోపీలు. అవి పెట్టుకుని ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టారు. తలుపు తీసినాయనకు వీళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లు. డీన్‌కు మూడో స్థానం దక్కింది.

యాంకర్: అంటే నెట్‌లో హడావుడే తప్ప ఓట్లు రాలవన్నమాట.

నిపుణురాలు: అలా తేల్చేయకండి. ఒబామా టీమ్ సరిగ్గా ఆ పరాయివాళ్ల సమస్య మీదే దృష్టి పెట్టింది. ఫేస్‌బుక్ సహ వ్యవస్థాపకుడు క్రిస్ హ్యూస్ 2007లో వాళ్లతో చేరారు. ప్రచారానికి సొంత నెట్‌వర్క్ ఉండేది. లాగిన్ అయితే మీ చుట్టుపక్కల ఎవరింట్లో మీటింగ్ ఉందో కనిపించేది. ఓటర్ల ఫోన్ నంబర్ల జాబితా చేతికొచ్చేది, ఇంట్లో కూర్చునే ఫోన్లు చేయొచ్చు. పరాయి ఊరు వెళ్లి తలుపులు తట్టే పని లేదు. 20 లక్షల దాకా ప్రొఫైళ్లు తయారయ్యాయి.

యాంకర్: ఒబామా టీమ్ ఫోన్ మెసేజ్ గొడవ ఒకటుంది కదా, అదేంటి?

నిపుణురాలు: (నవ్వుతూ) ఉపాధ్యక్ష అభ్యర్థి పేరు ముందు మీకే మెసేజ్‌లో చెబుతాం, మీ నంబరివ్వండి అన్నారు. తీరా పేరు టీవీలకు ముందే లీకైంది. జో బైడెన్ అంటూ మెసేజ్ వచ్చేసరికి తెల్లవారుజామున మూడు! అయితేనేం, నంబర్లు మాత్రం వీళ్ల దగ్గర మిగిలాయి. అసలు కావాల్సింది అవేగా.

విశ్లేషకుడు: ఇందులో దెబ్బ తిన్నవాళ్లూ ఉన్నారు. 2006లో వర్జీనియా సెనేటర్ జార్జ్ అలెన్, తన సభను వీడియో తీస్తున్న ప్రత్యర్థి వర్గపు కుర్రాణ్ని, భారత సంతతివాడు, 'మకాకా' అన్నారు. కోతిజాతి పేరది. ఆ వీడియో యూట్యూబ్‌కెక్కింది. యూట్యూబ్ పుట్టి అప్పటికి ఏడాదిన్నర. పదివేల ఓట్ల లోపు తేడాతో సీటు పోయింది. ఆ ఒక్క వీడియోతోనే అనను కానీ...

యాంకర్: ఒబామాకు అలాంటిది తగల్లేదా?

విశ్లేషకుడు: తగిలింది, అదీ సొంతవాళ్ల నుంచే! 2008 జులైలో, ప్రభుత్వం ఫోన్లపై నిఘా పెట్టే చట్టం సవరణకు సెనేటర్‌గా ఓటేయొద్దంటూ ఆయన సైటులోనే 20 వేలమందికి పైగా గ్రూపు కట్టారు. ఆ గ్రూపును ఎవరూ తీసేయలేదు. ఒబామా వాళ్లకు అక్కడే జవాబు రాశారు.

యాంకర్: మరి ఓటు?

విశ్లేషకుడు: సవరణకే వేశారు.