పిలిచి తెచ్చుకున్న సైన్యం

శ్రోతలకు నమస్కారం.

సైనిక పాలన అనగానే తెల్లవారుజామున వీధుల్లోకి వచ్చే ట్యాంకులు గుర్తొస్తాయి. కానీ ట్యాంకులు వచ్చేది ఆఖరున. అంతకు ఎన్నో ఏళ్ల ముందే పౌర ప్రభుత్వం తన చేతకాని పనులకు సైన్యాన్ని పిలవడం అలవాటు చేసుకుని ఉంటుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ పిలుపు గురించే.

1953 మార్చిలో పాకిస్తాన్‌లోని లాహోర్‌లో అహ్మదీలనే మైనారిటీ మతవర్గం మీద అల్లర్లు చెలరేగాయి. పరిస్థితి పోలీసుల చేయి దాటిపోయింది. ఊరిని సైన్యానికి అప్పగించారు. ఆ దేశం చూసిన మొదటి మార్షల్ లా అదే. అల్లర్లు అణిగాక సైన్యం వీధులు కూడా శుభ్రం చేయించింది. 70 రోజుల తర్వాత వెనక్కి వెళ్లిపోయింది. ప్రాణభయంతో తలుపులు వేసుకుని కూర్చున్న మనిషి ఆ రోజు సైనికుణ్ణి చూసి ఊపిరి పీల్చుకుంటే తప్పు పట్టలేం. నేనైనా అంతే. కానీ నాయకుల వల్ల కానిది సైన్యం వల్ల అవుతుందన్న నమ్మకం పాతుకుపోయేది ఇలాంటి రోజుల్లోనే.

మరుసటి ఏడాది సైన్యాధిపతి అయూబ్ ఖాన్‌ను, ఆ పదవిలో ఉండగానే, రక్షణ మంత్రిని చేశారు. 1958 అక్టోబర్ 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా రాజ్యాంగాన్ని రద్దు చేసి, దేశమంతా మార్షల్ లా పెట్టి, దాన్ని నడిపే పని అయూబ్ చేతిలో పెట్టాడు. 20 రోజులు తిరిగేసరికి అయూబ్ మీర్జానే దింపేశాడు. మీర్జా లండన్‌లో ప్రవాసంలోనే కన్నుమూశాడు.

లోపలికి వచ్చిన సైన్యం తన చోటును చట్టంలో రాయించుకుంటుంది. మయన్మార్‌లో 2008 రాజ్యాంగం పార్లమెంటు సీట్లలో 25 శాతం సైన్యానికి ఇచ్చింది. రాజ్యాంగాన్ని సవరించాలంటే 75 శాతానికి మించి ఓట్లు కావాలి. అంటే సైన్యం ఒప్పుకోనిదే అక్షరం కదలదు. రక్షణ, హోం, సరిహద్దు శాఖలూ దాని చేతిలోనే. అదీ చాల్లేదు. 2020 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూకీ పార్టీ ఘనంగా గెలిస్తే, 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారాన్ని లాక్కుంది.

ఇక వ్యాపారం. ఈజిప్టులో సైన్యానికి చెందిన సంస్థలు పాస్తా, మంచినీళ్ల సీసాలు, సిమెంట్ కూడా అమ్ముతాయి. వాటితో పోటీ పడాల్సిన మామూలు వ్యాపారి ఎవరికి మొరపెట్టుకోవాలి?

నేను సైనికుణ్ణి నిందించడం లేదు. శత్రువును ఎదుర్కోవడానికి అతనికి శిక్షణ ఇచ్చాం. ఎదురు ప్రశ్న వేసే పౌరుడికి ఓపిగ్గా జవాబు చెప్పడం వేరే పని. ఆ పని ఓట్లు అడిగి గెలిచినవాళ్లది. అది వాళ్లు వదిలేసినప్పుడే నాకు భయం వేస్తుంది.

2025 మార్చిలో ఇండోనేషియా పార్లమెంటు ఒక చట్టాన్ని సవరించింది. సర్వీసులో ఉన్న సైనికాధికారులు మరిన్ని పౌర సంస్థల్లో పదవులు చేపట్టడానికి వీలు కల్పించింది. జనరల్ సుహార్తో ఏలిన 32 ఏళ్లూ సైనికాధికారులు గవర్నర్లుగా చలామణి అయిన దేశం అది. పార్లమెంటులో సైన్యం సీట్లు పోవడానికే 2004 దాకా పట్టింది. ఈసారి వీధుల్లో ట్యాంకులేమీ లేవు. అయినా జకార్తాలో విద్యార్థులు పార్లమెంటు ముందు గుమిగూడి, సైన్యం బ్యారక్‌లకు వెళ్లిపోవాలని నినదించారు. వాళ్లలో చాలామంది సుహార్తో దిగిపోయిన 1998 తర్వాత పుట్టినవాళ్లే.