బెర్సెర్క్ 42వ వాల్యూమ్: పాఠకుల గొడవ అసలు దేని మీద?

(నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు: "42వ వాల్యూమ్ దాకా కథ చెప్పేస్తున్నాం. ఇంకా చదవనివాళ్లు వీడియో ఇక్కడే ఆపేయండి.")

బెర్సెర్క్ అంటే కెంటారో మియురా రాసి గీసిన జపాన్ మాంగా (కామిక్స్). ఆయన చనిపోయాక వచ్చిన 42వ వాల్యూమ్ గురించి రెండు మాటలు గట్టిగా వినపడతాయి. మియురా లేని బెర్సెర్క్ బెర్సెర్కే కాదని ఒక వర్గం. కథ మధ్యలో ఆగిపోకుండా ఉంది, అదే పదివేలని ఇంకో వర్గం. రెండు మాటలూ మనసులోంచి వచ్చినవే. చిక్కేమిటంటే, రెండూ పుస్తకం తెరవకముందే అనగలిగిన మాటలు. కొనాలా వద్దా అని చూసేవాళ్లకి వీటితో ఒరిగేదేమీ లేదు. కాబట్టి వాటిని పక్కన పెట్టి, చదివినవాళ్లు ఎక్కడెక్కడ నొచ్చుకున్నారో, అందులో ఏది ఎవరి లెక్కలో వేయాలో చూద్దాం.

(తెర మీద: తేదీలు ఒక్కొక్కటిగా)

ముందు తేదీలు. వీటిలో తేడా వస్తే వాదనంతా పక్కదారి పడుతుంది. కెంటారో మియురా 2021 మే 6న చనిపోయాడు. ఆయన బతికుండగా వచ్చిన ఆఖరి చాప్టర్ 363, అదే ఏడాది జనవరిలో. 364 సెప్టెంబర్‌లో, యంగ్ యానిమల్ పత్రిక ఆయన స్మారక సంచికలో వచ్చింది. దాన్ని పూర్తి చేసింది స్టూడియో గాగా, అంటే ఆయన దగ్గర పనిచేసిన సహాయకులే. ఆ చాప్టర్ ఉన్న 41వ వాల్యూమ్ జపాన్‌లో 2021 డిసెంబర్‌లో విడుదలైంది. 2022 జూన్ 24న పత్రికలో కథ మళ్లీ మొదలైంది. 42వ వాల్యూమ్ 2023 సెప్టెంబర్ 29న వచ్చింది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. "41 దాకా మియురా, 42 నుంచి వేరేవాళ్లు" అని తెగ్గొట్టి చెప్పేస్తుంటారు. ఆ గీత నిజానికి రెండు అట్టల మధ్య లేదు, 41 లోపలే ఉంది. చంద్రకాంతి బాలుడనే వింత పిల్లాడు హీరో గట్స్ కళ్లముందే అతని శత్రువు గ్రిఫిత్‌గా మారే ఘట్టం ఆ 364లోదే. దాన్ని చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే తర్వాతి చాప్టర్‌కి వచ్చేసరికి "చేయి మారింది, తెలిసిపోతోంది" అంటారు. మారిన మాట నిజమే. ఎక్కడ మారిందో మాత్రం అట్ట మీది పేరు చూసి చెప్తున్నారు.

(తెర మీద: "మూల రచన: కెంటారో మియురా. చిత్రాలు: స్టూడియో గాగా. పర్యవేక్షణ: కౌజీ మోరి.")

ఇక కౌజీ మోరి. మియురాకి హైస్కూల్ నాటి స్నేహితుడు, తనూ మాంగా రచయితే. దాదాపు ముప్పై ఏళ్ల కిందట మియురా తనకి కథ చివరిదాకా చెప్పాడని 2022లో ఆయన ప్రకటించాడు. దాంతో పాటు తనకి తానే ఒక నియమం పెట్టుకున్నాడు. మియురా చెప్పిన ఎపిసోడ్లే రాస్తానన్నాడు. వాటికి సొంతంగా కండ పట్టించనన్నాడు. స్పష్టంగా గుర్తులేనివి రాయనన్నాడు. మాటలు కూడా మియురా చెప్పినవే ఉంటాయన్నాడు.

42 మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ నియమం దగ్గరికే వచ్చి ఆగుతాయి. అన్నిటికంటే ఎక్కువగా వినపడేది మాటలు తక్కువైపోయాయని. మియురా రాతలో ఒక మంత్రం వేస్తే అదెలా పనిచేస్తుందో చిన్నారి మంత్రగత్తె షీర్కే వివరిస్తుంది. ఆమె శిష్యురాలు ఫర్నీజ్ లోలోపల మథనపడుతుంది. ఎంత భయంకరమైన సన్నివేశంలోనైనా ఓ మూల పక్ అనే ఎల్ఫ్ (చిట్టి మాయజీవి) బుడ్డ రూపంలో దూరి వెక్కిరిస్తూ ఉంటాడు. 42లో ఇవన్నీ బాగా పలచబడ్డాయి. గట్స్ ప్రేమించిన కాస్కాని గ్రిఫిత్ ఎత్తుకుపోతాడు, గట్స్ కత్తి అతన్ని తాకను కూడా తాకలేదు, వాళ్లంతా ఉన్న ఎల్ఫ్‌హెల్మ్ దీవి కూలిపోతుంది, బతికి బయటపడ్డవాళ్లు ఓడెక్కుతారు, గట్స్ లోపల్నుంచి విరిగిపోతాడు. ఇంత జరుగుతున్నా పాత్రలు నోరు విప్పేది తక్కువ.

గుర్తులేని మాట రాయనన్నవాడి చేతిలో పాత్రలు మౌనంగా ఉండటంలో వింతేమీ లేదు. ముప్పై ఏళ్ల కిందట స్నేహితుడు చెప్పిన కథలో మలుపులు గుర్తుంటాయి. ఎవరు ఎవరితో ఏ మాటన్నారో ఎవరికి గుర్తుంటుంది? కాబట్టి దీన్ని రాయడం చేతకాకపోవడంగా లెక్కేస్తే అన్యాయమే. అలాగని కారణం తెలిసింది కాబట్టి లోటు లేదనడం కూడా కుదరదు. గట్స్ మౌనం మొదట్లో గుండె పిండేస్తుంది. కొన్ని చాప్టర్లు గడిచాక, అతను బాధతో మాట్లాడట్లేదా, రాయడానికి మాటల్లేక మాట్లాడట్లేదా అన్న అనుమానం పాఠకుడికి వస్తుంది. ఆ అనుమానం పాఠకుడి తప్పు కాదు.

(తెర మీద: 37, 38, 39, 40, 41, 42 వాల్యూమ్‌లు వచ్చిన ఏళ్లు)

తర్వాత వేగం. 37 వచ్చింది 2013లో, 38 వచ్చేసరికి 2016. 39 ఆ మరుసటేడు, 40 మళ్లీ 2018లో. ఆ దీవికి చేరే ఓడ ప్రయాణం ఏళ్లకేళ్లు సాగడం మీద అభిమానులే జోకులేసుకున్నారు. అలా నత్తనడకకి అలవాటుపడ్డవాళ్లకి ఒక్క పుస్తకంలో దీవి కూలడం, కాస్కా పోవడం, హీరో కుప్పకూలడం వరసగా జరిగిపోతే కాళ్లకింద నేల జారినట్టుంటుంది. కాస్కాకి మతి తిరిగొచ్చింది 40లో. ఆ ఆనందం చల్లారకముందే ఆమెని మళ్లీ లాగేసుకున్నారు.

తమాషా ఏమిటంటే, ఇదే భాగాన్ని పత్రికలో చాప్టర్ చాప్టర్‌గా చదివినవాళ్లు "ఏమీ జరగట్లేదు" అన్నారు. చాప్టర్ అంటే ఇరవై పేజీలు, అటూ ఇటూ. అందులో మాటల్లేని పెద్ద బొమ్మలు ఎక్కువైతే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత వారాల తరబడి ఎదురుచూపు. అదే పేజీలు పుస్తకంగా కూర్చొని చదివితే ఊపిరాడనంత పరుగు. అందుకే వేగం గురించిన అభిప్రాయం వినేటప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: విడివిడిగా చదివారా, పుస్తకంగా చదివారా? దీనికి జవాబు తెలియకుండా "స్లో", "ఫాస్ట్" అన్న మాటలకి విలువ లేదు.

(తెర మీద: రెండు పుస్తకాలు పక్కపక్కన తెరిచి ఉన్నాయి)

ఇక బొమ్మలు. అన్నిటికంటే ఎక్కువ వేడి ఇక్కడే, అన్నిటికంటే తక్కువ పరిశీలనా ఇక్కడే. మీ అంతట మీరే పోల్చుకోవాలంటే ఇలా చేయండి. ఒకే రకం సన్నివేశాలు తీసుకోండి. 363 నెమ్మదైన చాప్టర్. దాన్ని దీవి కూలే చాప్టర్ పక్కన పెట్టి "చూడండి, ఎంత గజిబిజో" అనడం మోసం. విధ్వంసంతో విధ్వంసాన్నే పోల్చాలి. సముద్రదేవుడితో పోరు ముగిసే 37వ వాల్యూమ్ పక్కన పెడితే కొంత న్యాయంగా ఉంటుంది. అక్కడా ఒక మెలిక ఉంది. మియురా చివరి ఏళ్లలో కాగితం వదిలి డిజిటల్‌కి మారాడు. అందుకే 37లోని గీతకీ 42లోని గీతకీ ఉన్న తేడా అంతా స్టూడియో ఖాతాలో వేయకూడదు. గీత స్వభావం కోసం 40ని కూడా పక్కన ఉంచుకోండి.

ఇప్పుడు పుస్తకాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, కళ్లు సగం మూసి చూడండి. చిన్న గీతలన్నీ కలిసిపోయి నలుపు, బూడిదరంగు, తెలుపు ముద్దలు మాత్రమే మిగులుతాయి. ఆ ముద్దల్లో మనిషి ఇంకా విడిగా నిలబడి కనిపిస్తే పేజీ నిలిచినట్టే. వెనకున్న రాళ్లలో, చెట్లలో కలిసిపోతే ఎంత ఓపిగ్గా గీసినా పేజీ తేలిపోయినట్టే. 42లో రెండు రకాలూ ఉన్నాయి. దీవి కూలే పెద్ద బొమ్మల్లో చాలావరకు ఈ పరీక్షకి నిలబడతాయి. తడబాటు గుంపు సన్నివేశాల్లో కనపడుతుంది. ముందున్న మనిషి చొక్కా మడతలకీ వెనకున్న బండరాయికీ ఒకే మందం గీత పడితే కన్ను దేని మీద ఆగాలో తెలియదు. ఇలాంటి చోటే పాఠకుడు "ఏదో తేడాగా ఉంది" అంటాడు. ఏమిటో మాత్రం చెప్పలేడు.

రెండోది కత్తి బరువు. గట్స్ కత్తి డ్రాగన్ స్లేయర్ మనిషంత ఇనుప దిమ్మె. దాన్ని ఊపే ప్యానెల్‌లో చేతుల కంటే ముందు పాదాలు చూడండి. ముందరి కాలి మీద బరువు పడిందా, నడుము తిరిగిందా, వెనక మడమ లేచిందా? ఇవి కుదిరితే వేగపు గీతలు అక్కర్లేకుండానే దెబ్బ కనపడుతుంది. ఇవి కుదరకుండా వేగపు గీతలు మాత్రం పడితే కత్తి అట్టముక్కలా కనపడుతుంది.

మూడోది ముఖాలు. ముఖం దగ్గరగా చూపించే ప్యానెల్‌లో గట్స్ ఒంటికంటి పైరెప్ప, కనుబొమ మధ్య ఎంత జాగా ఉందో చూడండి. మియురా అక్కడ వెంట్రుకవాసి తేడాతో కోపాన్ని దిగులుగా మార్చేవాడు. స్టూడియో ముఖాలు పోలికలో తప్పు కావు, ఎవరెవరో ఇట్టే తెలుస్తుంది. భావం మాత్రం అక్కడక్కడ ఒకే మెట్టు మీద ఆగిపోతుంది. "ముఖాలు బిగుసుకుపోయాయి" అన్న ఫిర్యాదులో పస ఉంది, మా లెక్కలో.

(తెర మీద: ఒకే పేజీ మూడు సైజుల్లో)

ఇదంతా చూసేముందు ఇంకో పని. మీరు చూస్తున్న కాపీ ఎలాంటిదో చూసుకోండి. ఇంగ్లిష్ డీలక్స్ పుస్తకాలు సుమారు 7 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు. మూడేసి వాల్యూమ్‌లు కలిపి వేసే గట్టి అట్ట పుస్తకాలవి. పాతవన్నీ వాటిలో చదివి 42ని మామూలు చిన్న పుస్తకంలో చదివితే, అదే గీత ఇరుకుగా, మురికిగా కనపడుతుంది. ఆ నేరం స్టూడియోది కాదు, సైజుది. ఫోన్‌లో అయితే ఇంకా ఘోరం. చుక్కల టోన్ (నీడ కోసం వేసే సన్న చుక్కలు) ఉన్న పేజీని తెరకి సరిపడేలా కుదిస్తే ఆ చుక్కలూ తెర పిక్సెళ్లూ ఒకదానితో ఒకటి పొసగక లేనిపోని చారలు పుడతాయి. జూమ్ పెంచగానే అవి మాయమైతే తప్పు ఫోన్‌దే. రెండు పేజీలు కలిపి వేసిన పెద్ద బొమ్మ కూడా ఫోన్‌లో రెండు ముక్కలవుతుంది. కుడి నుంచి ఎడమకి చదవాలి కాబట్టి కుడి ముక్క ముందొస్తుంది. దీవి కూలే బొమ్మలో సగం చూసి పక్కకి జరిపితే కూలడం ఎక్కడ కనపడుతుంది? ఫోన్‌ని అడ్డంగా తిప్పి, జంట పేజీలు చూపించే సెట్టింగ్ పెట్టుకోండి. అచ్చు పుస్తకంలో నడుమ కుట్టులోకి బొమ్మ కొంత పోతుంది, దానికి చేయగలిగిందేమీ లేదు.

నక్షత్రాల రేటింగుల గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. 42కి ఐదు ఇచ్చినవాళ్లలో చాలామంది ఇచ్చింది కృతజ్ఞతగా, ఒకటి ఇచ్చినవాళ్లలో చాలామంది నిరసనగా. పనికొచ్చేది మధ్యలో మూడు, నాలుగు ఇచ్చినవాళ్ల రాత. అక్కడే చాప్టర్ నంబర్లు, పేజీల ప్రస్తావన ఉంటుంది.

(తెర మీద: 41, 42 పక్కపక్కన)

మరి కొనాలా? 41 చదివి ఆగినవాళ్లయితే కొనండి. 364 దగ్గర ఆగిపోతే గ్రిఫిత్ ఎదురుగా నిలబడ్డ క్షణంలోనే కథ వేలాడుతుంది. ఆ తర్వాతి ఆరు చాప్టర్లు దీవి ఘట్టాన్ని ముగిస్తాయని మొదట్లోనే ప్రకటించారు, అలాగే ముగించారు. చదివేముందు 41లోని చివరి రెండు చాప్టర్లు మళ్లీ చదవండి, 363 నుంచి. మాటలు వెతుక్కోకుండా పెద్ద బొమ్మల దగ్గర ఆగుతూ చదివితే పుస్తకం కొంత ఎక్కువ ఇస్తుంది. ఓడ మీద గట్స్ మౌనం ఉన్న చాప్టర్ల దగ్గర మాత్రం విసుగొస్తే, మీ ఓపికని అనుమానించుకోనక్కర్లేదు. అక్కడ పేజీలే పలచగా ఉన్నాయి.