మాస్టారి గడ్డం బ్రష్షుకి కొత్త కుచ్చు

తెరపై: అరచేతిలో పాత షేవింగ్ బ్రష్షు. తేనె రంగు పిడి. కుచ్చు సగం ఊడి, నడుమ గుంట పడి ఉంది.

నమస్కారమండీ. పాలకొల్లు నుంచి మాట్లాడుతున్నాను. నాది లేతు షాపు. పగలంతా రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లకి షాఫ్టులు తిప్పుతాను. కరెంటు ఉండి, ఓపిక మిగిలితే రాత్రిపూట ఇలాంటివి ముందేసుకుంటాను.

ఈ బ్రష్షు మా పక్కింటి మాస్టారిది. అసలు ఆయనది కూడా కాదు, వాళ్ళ నాన్నగారిది. ఆయన పోయాక 40 ఏళ్ళుగా మాస్టారే వాడుతున్నారు. ఈమధ్య గడ్డం గీసుకున్న ప్రతిసారీ నాలుగైదు వెంట్రుకలు చెంపకి అంటుకుని వస్తున్నాయట. "ఏవోయ్, అంతంత మోటార్లు బాగుచేస్తావు, దీని సంగతి చూడరాదూ" అని మొన్న సాయంత్రం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

బజార్లో కొత్త బ్రష్షు కొనుక్కోవచ్చు కదా అంటారా? అనొచ్చు. ఆయన దగ్గర అనలేకపోయాను.

తెరపై: బ్రష్షు నిలువుకోత బొమ్మ. పిడి, గుంత, కుచ్చు.

బ్రష్షులో ఉన్నవి రెండే. చేత్తో పట్టుకునే పిడి, నురగ తీసే కుచ్చు. ఈ పనిలో ఉన్నవాళ్ళు కుచ్చుని నాట్ అంటారు. వెంట్రుకల్ని ఒక కట్టగా చేర్చి, అడుగున జిగురుతో బిళ్ళలా గట్టిపరిచి, పిడిలోని గుంతలో దించుతారు. పిడి వందేళ్ళైనా ఉంటుంది. వెంట్రుకలు ఉండవు. సైకిల్‌కి టైరు మార్చినట్టు, కుచ్చు మార్చుకోవడమే.

తెరపై: వేడి నీళ్ళ గ్లాసులో పిడి అడుగు ముంచి తీసి, బొటనవేలితో రుద్ది వాసన చూడటం.

కత్తి పట్టుకునే ముందు పిడి దేంతో చేశారో తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయంలో తొందరపడకండి. వేడి నీళ్ళలో ఓ పది సెకన్లు ముంచి, గట్టిగా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకోండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్. కర్పూరం కలిపే చేస్తారు మరి. కర్పూరంలాగే భగ్గుమని అంటుకుంటుంది కూడా. దాన్ని డ్రిల్లుతో వేడెక్కించకూడదు, పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళకూడదు. ఫినాయిల్‌ని గుర్తుచేసే మందు వాసన వస్తే బేకలైట్ కుటుంబం. 1907లో లియో బేక్లాండ్ కనిపెట్టిన ప్లాస్టిక్ అది. నల్లగా, ముదురు గోధుమ రంగులో ఉండే పాత రేడియో పెట్టెలు, కరెంటు స్విచ్చులు దాంతో చేసినవే. దాని చెల్లెలే క్యాటలిన్. రంగురంగుల్లో పోతపోసేవాళ్ళు.

మాస్టారిది క్యాటలిన్.

ఒక తప్పు చెప్పుకోవాలి. నా మొదటి బ్రష్షుకి జిగురు మెత్తబడుతుందని గిన్నెలో నీళ్ళు మరిగించి పడేశాను. పావుగంట తర్వాత తీస్తే మెడ దగ్గర నుంచి అడుగు దాకా పగులు. జిగురు మాత్రం చెక్కుచెదర్లేదు. ఆ పిడి ఇప్పటికీ షాపులో మేకులేసుకునే డబ్బాలో ఉంది. అప్పట్నుంచి పాత ప్లాస్టిక్ పిళ్ళని నేను మరిగించను, తొలుస్తాను.

తెరపై: మాస్కు, చేతి తొడుగులు వేసుకుంటూ.

మాస్కు ఎందుకో చెబుతాను. క్యాటలిన్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, అది ఒక కారణం. రెండోది పాత వెంట్రుకలు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, బ్రష్షులకి మంచి బ్యాడ్జర్ వెంట్రుకలు రష్యా వైపు నుంచి వచ్చేవి. బ్యాడ్జర్ అంటే బొరియల్లో ఉండే ఓ అడవి జంతువు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. గుర్రపు వెంట్రుకలకి రంగేసి బ్యాడ్జర్ అని అమ్మడం మొదలైంది. వాటిలో సరిగా శుద్ధి చేయనివి కూడా సైనికుల సంచుల్లోకి చేరాయి. గడ్డం గీసుకునేటప్పుడు పడే చిన్న గాటు చాలు, ఆంత్రాక్స్ ఒంట్లోకి దిగడానికి. మన పశువులకొచ్చే దొమ్మ రోగం అదే. అమెరికాలో, బ్రిటన్‌లో మనుషులు చచ్చిపోయారు. 1920లో బ్రిటన్ జపాన్ నుంచి షేవింగ్ బ్రష్షుల దిగుమతినే ఆపేసింది. ఆ క్రిమి బీజకణాలు దశాబ్దాల తరబడి బతికుంటాయి. వంటింట్లో నీళ్ళు మరిగిస్తే చస్తాయన్న నమ్మకం లేదు. ఆసుపత్రుల్లో పరికరాలకి పెట్టినట్టు, ఒత్తిడిలో 121 డిగ్రీల ఆవిరి కావాలి.

ఆ కాలం బ్రష్షులు ఎవరికైనా దొరికితే, అందంగా ఉందని షాంపూ పెట్టి కడిగి వాడేయకండి. మాస్టారిది అంత పాతది కాదు. అయినా నా షాపులోకి వచ్చిన ఏ పాత కుచ్చునైనా తడిపి, తడి మీదే కోసి, కవర్లో కట్టేస్తాను. ఉఫ్ అని ఊదడం మాత్రం చేయను.

తెరపై: గుడ్డ చుట్టి వైస్‌లో బిగించిన పిడి. కట్టర్‌తో కుచ్చు మొదలంటా కోయడం.

కోసిన వెంట్రుకని వెలుగులో చూడండి. బ్యాడ్జర్ అయితే కొస తెల్లగా, నడుమ నల్ల పట్టీ ఉంటుంది. కొస సన్నగా ముగుస్తుంది. ఇది అలా లేదు. లావుగా ఉంది, కొస రెండు మూడు పాయలుగా చీలింది. పంది వెంట్రుక. నడుమ పట్టీ ఉన్నట్టు వేసిన రంగు ఎప్పుడో వెలిసిపోయింది.

ఇక్కడ నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. మాస్టారు నిష్ఠాపరులు. ఉల్లిపాయ కూడా ముట్టరు. నలభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే పంది వెంట్రుకలతో మొహం తోముకున్నారని ఎలా చెప్పను? ఆయన యూట్యూబ్ చూడరు. మీరెవరూ చెప్పకండి.

తెరపై: డ్రిల్లు. గుంతలోంచి లేస్తున్న పొడి.

ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో జిగురు బిళ్ళ నడుమ ఒక రంధ్రం. దాని చుట్టూ మరో నాలుగు. తర్వాత 6, ఆ తర్వాత 10. మిగిలిన ముక్కల్ని నోస్ ప్లయర్‌తో లాగేయొచ్చు. స్పీడు తక్కువ పెట్టండి, మధ్యమధ్యలో ఆగి చల్లారనివ్వండి.

ఈ పొడి చూడండి. పిడి బయట తేనె రంగు, లోపల నుంచి వచ్చేది దాదాపు తెలుపు. క్యాటలిన్ గాలికి, వెలుతురికి ఏళ్ళ తరబడి పసుపెక్కుతుంది. పై పొర మాత్రమే. ఇది తెల్లగా పుట్టిన బ్రష్షు. తర్వాత మాస్టారిని అడిగితే "చిన్నప్పుడు నాన్నగారి చేతిలో తెల్లగానే ఉండేది, నాకే భ్రమేమో అనుకున్నాను" అన్నారు. పాలిష్ పట్టి మళ్ళీ తెల్లగా చేయొచ్చు. నేను చేయలేదు. 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి గీతలున్న చోట తేలిగ్గా రుద్ది, మెటల్ పాలిష్ ఒక్క చుక్కతో మెరుగు పెట్టి వదిలేశాను. అంత వయసు రావడానికి అంతకాలం పట్టింది, నేను అరగంటలో చెరిపేయడమెందుకు?

తెరపై: వెర్నియర్‌తో కొలత.

కొలతలు. పాత గుంత వెడల్పు 20 మిల్లీమీటర్లు. పిడి మెడ బయట 30. నేను తెప్పించిన కుచ్చు అడుగు 22. జిగురుకి చోటు కావాలి కాబట్టి గుంతని 22.5 కి పెంచాను. అంటే చుట్టూ 3.75 మిల్లీమీటర్ల గోడ మిగిలింది. రెండుకంటే తగ్గితే నేను ఒప్పుకోను. ఇంట్లో డ్రిల్లు లేకపోతే మీ ఊళ్ళో లేతు షాపుకి తీసుకెళ్ళండి. అరగంట పని. పొడి సంగతి మాత్రం ఆయనకి ముందే చెప్పండి.

కుచ్చుల్లో మూడు రకాలు. పంది వెంట్రుక చవక. వాడకముందు నానబెట్టాలి, రెండు మూడు వారాలు వాడితేగానీ కొసలు చీలి మెత్తబడదు. బ్యాడ్జర్ నీళ్ళు బాగా పట్టి ఉంచుతుంది, ఖరీదెక్కువ, ఎక్కువగా చైనా నుంచి వస్తుంది. మూడోది సింథటిక్ పీచు. పాతకాలం నైలాన్ కుచ్చులు చీపురు పుల్లల్లా ఉండేవి. ఇప్పటివి వేరు, చాలా మెత్తన. నానబెట్టక్కర్లేదు, త్వరగా ఆరిపోతాయి. మన డెల్టాలో శ్రావణ భాద్రపదాల్లో తువ్వాలే ఆరదు, బ్రష్షేం ఆరుతుంది? మాస్టారికి సింథటిక్ తీసుకున్నాను. వేరే కారణం కూడా మీకు తెలిసిందే.

తెరపై: కొబ్బరి ఈనె. ముందు కొస దాకా వదిలి, తర్వాత సగానికి పట్టుకుని వంచడం.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది ఖరీదైన కుచ్చు కొని, గుంతలో పడేసి, జిగురు పోసేస్తారు. తర్వాత బాగాలేదని కుచ్చుని తిడతారు. తప్పు కుచ్చుది కాదు, లోతుది.

ఈ ఈనె చూడండి. మొదలు దగ్గర పట్టుకుంటే, కొసని వేలితో తాకితే వంగుతుంది. సగానికి పట్టుకుంటే బిరుసు. అదే ఈనె, అదే చెయ్యి. కొబ్బరి చీపురు అరిగేకొద్దీ గట్టిపడేది ఇందుకే. పొడవు తగ్గితే బిరుసు ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే పొడవు సగమైతే బిరుసు ఎనిమిది రెట్లు. పిడి పైన వెంట్రుక 50 మిల్లీమీటర్లు ఉండాల్సింది 48 ఉంటే ఒక్కో వెంట్రుక బిరుసు 13 శాతం ఎక్కువ. 46 ఉంటే దాదాపు 28 శాతం. నాలుగు మిల్లీమీటర్లు, అంతే. కాస్త ఎక్కువ దించితే అంట్లు తోమే పీచు, తక్కువ దించితే తడిసిన కోడిపుంజు తోక.

అడుగు 22 ఉన్న కుచ్చుకి, పిడి పైన నా లెక్క 48 నుంచి 50. కుచ్చు మొత్తం పొడవు 66. పైన 50 కావాలంటే లోపలికి 16 దిగాలి. తొలిచిన గుంత లోతు 24. మిగిలిన 8 మిల్లీమీటర్లు పూడ్చాలి. దానికి కుళాయి వాషర్లు. ఒక్కోటి 2 మిల్లీమీటర్ల మందం, నాలుగు వేస్తే సరి.

తెరపై: జిగురు లేకుండా కుచ్చు దించి, చెంపకి ఆనించి చూడటం.

జిగురు పెట్టకుండా దించి, పొడిగానే చెంప మీద తిప్పి చూడండి. వాషరు తీయండి, వేయండి. నేను నాలుగుతో ఒకసారి, మూడుతో ఒకసారి చూశాను. మూడుతో వదులు ఎక్కువనిపించడం పోయింది గానీ వేళ్ళకి బిరుసు తగిలింది. నాలుగే ఖాయం చేశాను. ఈ పరీక్షకి ఒక సాయంత్రం పట్టినా పర్వాలేదు, జిగురు పడ్డాక మళ్ళీ మొదటికే.

తెరపై: టైలు ముక్క మీద రెండు ట్యూబుల జిగురు కలపడం.

రెండు ట్యూబుల అరాల్డైట్ లాంటి ఎపాక్సీ, నెమ్మదిగా గట్టిపడే రకం. సమానంగా తీసుకుని పుల్లతో బాగా కలపండి. క్షణంలో అంటుకునే జిగురు వద్దు. కుచ్చు వంకర దిగితే సరిచేసుకునే టైము ఇవ్వదు. బిళ్ళ పక్కల్ని ఉప్పు కాగితంతో గరుకు చేసి, జిగురు గుంత గోడలకి పూయండి. అడుగున కుమ్మరిస్తే కుచ్చు పిస్టన్‌లా దాన్ని పైకి తోసి వెంట్రుకల్లోకి ఎక్కిస్తుంది. అంచుకి రెండు మిల్లీమీటర్ల కిందే ఆపాలి. దించేటప్పుడు మెల్లగా తిప్పుతూ దించండి. పక్క నుంచి నాలుగు వైపులా చూసుకుని, పిడిని బియ్యం పోసిన గ్లాసులో నిలబెట్టండి. కదలదు. 24 గంటలు ముట్టుకోవద్దు.

తెరపై: మరుసటి రోజు. కప్పులో సబ్బు, రెండు మగ్గుల నీళ్ళు.

ఒకటి బోరు నీళ్ళు, ఒకటి కాలువ నీళ్ళు కాచి వడగట్టినవి. అదే బ్రష్షు, అదే సబ్బు. బోరు నీళ్ళతో నురగ పలచగా, మగ్గు అంచున తెల్లటి తెట్టు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ, రాజోలు, నర్సాపురం వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని విరిచేస్తాయి. బ్రష్షు బాగాలేదని నాకు ఫోన్ చేసేవాళ్ళలో సగంమందికి నేను చెప్పేది ఒకటే, ముందు తాగే నీళ్ళతో ఒకసారి చూడండి అని.

వాడాక కడిగి, పిండి, గట్టిగా విదిలించి, బాత్రూమ్ బయట గాలి తగిలే చోట పెట్టండి. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అని గొడవలు పడతారు. ఎలా పెట్టినా తేడా నాకు కనబడలేదు.

తెరపై: మాస్టారి ఇంటి అరుగు. అద్దం, కప్పు, నురగ. ముఖం కనబడదు, చెయ్యి మాత్రమే.

మాస్టారు పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. రంగు మారలేదని సంతోషించారు. నురగ పెట్టుకున్నారు. చాలాసేపు పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి అన్నారు:

"బాగానే ఉంది గానీ, మరీ దూదిలా ఉందేమిటోయ్. పాతది కాస్త గుచ్చుకునేది, అది నాకు అలవాటు. అందులో ఏం వెంట్రుకలో కనుక్కుని, అవే పెట్టరాదూ?"

నేను కెమెరా ఆపేశాను.