కొత్త వీల్స్ పెట్టెలు మూడు వారాలు విప్పలేదు: పాత బీఎమ్‌డబ్ల్యూ 330సీఐకి కూలింగ్, బ్రేకులు, వీల్స్

నమస్కారమండీ. మాటల్లోకి వెళ్లేముందు ఇది చూడండి. కెమెరాకి కాస్త దగ్గరగా పెడతాను. ఈ నల్లటి ప్లాస్టిక్ డబ్బా కూలెంట్ ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం వేడికి ఉబ్బినప్పుడు దానికి చోటిచ్చే డబ్బా. ఇక్కడ నిలువుగా రెండు ముక్కలు అతికించిన జాయింటు ఉంది కదా, దాన్ని ఆనుకునే వెంట్రుక మందాన ఒక పగులు. వెలుతురు పక్కనుంచి పడితే గానీ కనపడదు. గోటితో గీస్తే మాత్రం టక్కున తగులుతుంది. దాని చుట్టూ తెల్లగా, కొంచెం నీలంగా పొర కట్టింది చూశారా, అది ఎండిపోయిన కూలెంట్. బండి కింద ఒక్క చుక్క పడలేదు. కారినది కారినట్టే వేడికి ఆవిరైపోయింది. బానెట్ ఎత్తినప్పుడు కొంచెం తియ్యటి వాసన వచ్చేది, అంతే.

ఇది నా కంట పడింది కొత్త వీల్స్ ఇంటికొచ్చిన రోజున. నాలుగు పెట్టెలూ దింపుకుని, వేసేముందు బండిని ఒకసారి పైనుంచి కిందిదాకా చూద్దామని టార్చి పట్టుకున్నాను. ఈ పగులు కనపడగానే పెట్టెలు గోడవారగా నెట్టేశాను. మూడు వారాల పాటు వాటి టేపు కూడా పీకలేదు. ఆ మూడు వారాల్లో ఏం మార్చాను, ఏం మార్చలేదు, ఎందుకు అన్నదే ఈ వీడియో.

బండి సంగతి రెండు ముక్కల్లో. బీఎమ్‌డబ్ల్యూ ఈ46 కూపే, 330సీఐ. 2000లో మొదలై 2006 దాకా వచ్చిన మోడల్. 2979 సీసీ, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో, 231 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్. నాది మాన్యువల్ గేర్‌బాక్స్. ఈ బండంటే నాకు ప్రాణం. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

కూలింగ్‌తో మొదలుపెడదాం. ఈ ట్యాంక్ మూతకి రెండు బార్ ఒత్తిడి ఆపే స్ప్రింగ్ ఉంటుంది. అంటే టైర్లో మనం పట్టించే గాలికి దగ్గర్లో ఉండే ఒత్తిడిని, అదీ సలసల కాగే కూలెంట్‌తో కలిపి, ఈ ప్లాస్టిక్ డబ్బా మోయాలి. ఒత్తిడి ఎందుకంటే, ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్లు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపితే మామూలు గాలి ఒత్తిడిలో 107, 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒక్క బార్ ఒత్తిడి ఎక్కిస్తే అది 125 దాటిపోతుంది. ఇప్పుడు ఆ డబ్బాకి వెంట్రుకంత పగులు వచ్చిందనుకోండి. కూలెంట్ కారడం ఒక నష్టం. ఒత్తిడి నిలబడకపోవడం దానికంటే పెద్ద నష్టం. ఎక్కువ వేడి పడే చోట కూలెంట్ లోపలే మరిగి బుడగలైపోతుంది. బుడగ తగిలిన చోట లోహానికి చల్లదనం అందదు.

ఇరవై ఏళ్లు వేడికీ చలికీ నలిగిన ప్లాస్టిక్ ఇలా పెళుసెక్కడం వింతేమీ కాదు. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు, దాని వయసు అది. కానీ దాన్ని పట్టించుకోకపోతే ఈ ఇంజిన్ క్షమించదు. సిలిండర్లుండే దీని బ్లాకూ అల్యూమినియమే, దాని మీద మూతలా బిగించే హెడ్డూ అల్యూమినియమే. ఒక్కసారి గట్టిగా ఓవర్‌హీట్ అయిందంటే హెడ్ బోల్టులు పట్టుకుని ఉండే మరలు బ్లాకులోంచి ఊడి వచ్చేసే ప్రమాదం ఉంది. అప్పుడు ఆ రెంటి మధ్య సీలుగా ఉండే హెడ్ గాస్కెట్ మారిస్తే పని అయిపోదు, బ్లాకులో కొత్త మరలు వేయించాలి. డబ్బా దగ్గర ఆగిపోవాల్సిన ఖర్చు ఇంజిన్ దాకా పాకుతుంది.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. మీటర్‌లో టెంపరేచర్ ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది కదా, అంతా బాగానే ఉంది అనుకుంటాం. ఈ46లో ఆ ముల్లు సుమారు 75 డిగ్రీల నుంచి 115 దాకా కదలదు. కావాలనే అలా పెట్టారు, ముల్లు ఊరికే ఊగుతుంటే నడిపేవాళ్లు కంగారు పడతారని. కాబట్టి అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టు. నేను ఓబీడీ సాకెట్‌కి, అంటే బండి కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్‌కి, చిన్న అడాప్టర్ పెట్టి ఫోన్లో అసలు అంకె చూస్తున్నాను. మీ దగ్గర ఏ పాత బండి ఉన్నా ఈ ఒక్క పని చేయండి. అంకె చూడటం మొదలుపెట్టాకే నాకు తెలిసింది, నా థర్మోస్టాట్, అంటే వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు, కూడా తెరుచుకుని ఇరుక్కుపోయిందని. హైవే మీద 75, 78 చూపించేది, ముల్లు మాత్రం నిటారుగా మధ్యలో ఉండేది. ఈ ఇంజిన్‌లో థర్మోస్టాట్ మామూలుగా 97 డిగ్రీలకి తెరుచుకుంటుంది. లోపల ఒక హీటర్ తీగ ఉంటుంది. ఇంజిన్ మీద లోడు పడ్డప్పుడు కంప్యూటర్ ఆ తీగని వేడి చేసి ముందుగానే తెరిపిస్తుంది. తెలివైన ఏర్పాటు. అందుకే తక్కువ వేడికే తెరుచుకునే థర్మోస్టాట్ వేయమని కొందరు చెప్పినా నేను వినలేదు, అసలు రకమే వేశాను. రోడ్డు మీద నడిపే బండికి అది చాలు.

ఏమేం మారాయంటే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, దాని మూత, థర్మోస్టాట్, పైదీ కిందిదీ రెండు రేడియేటర్ హోస్‌లు, వాటర్ పంప్, బెల్టు, రేడియేటర్. పంప్ ఇంకా కారడం లేదు గానీ పుల్లీ పట్టుకుని అటూఇటూ ఊపితే చేతికి తెలిసేంత ఆట ఉంది. బేరింగు పోయే ముందు చెప్పే కబురు అది. లోపల రెక్కల చక్రం ప్లాస్టిక్‌ది, వేడికి పెళుసై ఇరుసు మీదే జారిపోయే రకం. లోహపు రెక్కలున్న పంప్ వేశాను.

పూర్తి అల్యూమినియం రేడియేటర్ వేయలేదేం అని అడుగుతారు. రేస్ ట్రాక్ మీద వరసగా అరగంట నడిపేవాళ్లకి అది పనికొస్తుంది. నాకు ఆ అవసరం లేదు. కొత్తదైతే చాలు, మామూలు రకమే సరిపోతుంది.

ఇక్కడ నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. ట్యాంక్ తొందరగా కావాలని మొదట దొరికిన చవక రకం తెచ్చేశాను. పేరు చెప్పను. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. కానీ హోస్ తొడిగే మెడ దగ్గర గాడి సరిగ్గా తీయలేదు. క్లిప్పు టక్‌మని చప్పుడైతే చేసింది, లోపలి రబ్బరు సీలు, ఓ-రింగ్, మాత్రం ఒక వైపే ఆనింది. రెండో రోజుకే మెడ చుట్టూ తడి. అదే పని మళ్లీ మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది, కొత్త కూలెంట్‌తో సహా. అందుకని బిగించేముందు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి మెడలు, గాడులు, క్లిప్పులు వేలితో తడిమి చూడండి. కంటికంటే వేలు బాగా పట్టేస్తుంది.

కూలెంట్ దారుల్లో చిక్కుకున్న గాలి తీసే పద్ధతి కూడా చూపిస్తాను. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. తాళం ఇగ్నిషన్ దాకా తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. హీటర్ వేడి చివరిదాకా, ఫ్యాన్ అన్నిటికంటే తక్కువలో. ఇలా పెడితే హీటర్‌కి వెళ్లే వాల్వు తెరుచుకుంటుంది. ఇప్పుడు ట్యాంక్ పక్కనున్న బ్లీడ్ స్క్రూ విప్పి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపినది సన్నటి ధారగా పోయండి. ఆ రంధ్రంలోంచి ముందు బుడగలు, తర్వాత నురగ, తర్వాత తేటగా వస్తుంది. తేటగా వచ్చేదాకా కదలొద్దు. ఆ స్క్రూ ప్లాస్టిక్‌ది అండీ, బలం చూపిస్తే విరిగిపోతుంది. చేత్తో బిగిసినంతే చాలు.

సరే, బ్రేకులు.

ముందు ఒక లెక్క. ఈ బండి, నేను, నాలుగు సామాన్లు కలిపి 1500 కిలోలు అనుకుందాం. గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 580 కిలోజూల్స్. మామూలు నీళ్లు ఒకటిన్నర లీటర్ల పైచిలుకు మరిగించేంత వేడి, నాలుగైదు సెకన్లలో. 140 నుంచి ఆగితే దానికి రెట్టింపు. వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, వేడి మాత్రం రెట్టింపైంది. బ్రేకులంటే ఈ వేడిని ఎలా వదిలించుకుంటావన్నదే.

330సీఐకి కంపెనీ నుంచే ముందు 325 మిల్లీమీటర్ల డిస్కులు, 25 మందం. వెనక 320, మందం 22. రోడ్డుకి ఇవి చిన్నవేం కావు. ఆరు పిస్టన్ల కాలిపర్ల (ప్యాడ్లని డిస్కుకి నొక్కే బిగింపులు) కిట్ వేయండన్నా అని నాకు మెసేజ్‌లు పెట్టే తమ్ముళ్లందరికీ ఒకటే చెప్తున్నా: ఒక్కసారి గట్టిగా తొక్కితే ఇప్పుడున్న బ్రేకులే చక్రాన్ని లాక్ చేసేంత పట్టు పడుతున్నాయి, ఏబీఎస్ పని చేస్తోంది. అంటే అక్కడ హద్దు టైరుది. పెద్ద కిట్ వల్ల ఆ మొదటి ఆపు పొట్టి అవదు. పదిసార్లు వరసగా తొక్కినా పదోసారి కూడా మొదటిసారి లాగే పట్టాలంటే అప్పుడు పెద్ద డిస్కు కావాలి. పైగా ముందు మాత్రమే పెద్దది వేస్తే ముందుకీ వెనక్కీ ఉన్న పొత్తు మారిపోతుంది.

మరి నేనేం చేశాను? అదే సైజు కొత్త డిస్కులు, మెరుగైన ప్యాడ్లు, స్టీలు అల్లిక ఉన్న హోస్‌లు, కొత్త ఫ్లూయిడ్. వీటిలో పెడల్ కింద ఎక్కువ తేడా తెచ్చింది ఏదో చెప్పమంటే సందేహం లేకుండా ఫ్లూయిడ్ అంటాను. ఈ గాజు సీసాలో ఉన్నది నా బండిలోంచి తీసింది. చూడండి, నల్లగా, అడుగున మడ్డి. పక్కన కొత్తది, లేత పసుపు. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. నా బండిలో వేసే రకం డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు కాలిపర్ వేడెక్కి లోపల ఫ్లూయిడ్ మరిగిందంటే ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడల్ నేల దాకా వెళ్తుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చండి, నడిపినా నడపకపోయినా. సిలికాన్‌తో చేసిన డాట్ 5 మాత్రం దీంట్లో కలపొద్దు. డాట్ 5.1 వేరు, అది ఈ కుటుంబందే.

డిస్కు బిగించేముందు, డిస్కూ చక్రమూ ఆనే హబ్ మీద తుప్పు వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తోమాను. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, డిస్కు వంకరపోయింది అంటుంటారే, చాలాసార్లు డిస్కు నిజంగా వంకరపోదు. హబ్ మీద తుప్పు పలుకు వల్ల డిస్కు ఓరగా కూర్చుంటుంది, లేకపోతే ప్యాడ్ పదార్థం డిస్కు మీద మచ్చలుగా అంటుకుంటుంది. ఆ రెండోది జరక్కుండా ఉండాలంటే కొత్త ప్యాడ్లని పరుచుకోనివ్వాలి. ఖాళీ రోడ్డు మీద 90, 100 నుంచి 20 దాకా ఓ మాదిరి గట్టిగా, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పది సార్లు. తర్వాత బ్రేకు ముట్టుకోకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద పెడల్ తొక్కి పట్టుకుని నిలబడితే ప్యాడ్ ముద్ర అచ్చుగుద్దినట్టు పడిపోతుంది.

ఇప్పుడు పెట్టెలు విప్పుదాం. మూడు వారాలు ఆగాను అండీ దీనికోసం!

పాత వీల్స్ 17 అంగుళాలవి, ముందు 8 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 47. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపుకి ఉందో ఆ దూరం. వెనక 8.5, ఆఫ్‌సెట్ 50. కొత్తవీ 17 అంగుళాలే. నాలుగూ 8.5 వెడల్పు, ఆఫ్‌సెట్ 40. చుట్టూ 225/45 టైర్లు, అంటే 225 మిల్లీమీటర్ల వెడల్పు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం. నాలుగూ ఒకటే కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకోవచ్చు. 18కి వెళ్లలేదేం అంటే, టైరు పక్కగోడ పొట్టిదైపోతుంది, గుంతలో పడితే రిమ్ము అంచు పోతుంది. ఈ బండి నడకలోని మెత్తదనం నాకు కావాలి.

ఆఫ్‌సెట్ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 8 అంగుళాలంటే 203 మిల్లీమీటర్లు, సగం 101.6. ఆఫ్‌సెట్ 47 కలిపితే హబ్ ముఖం నుంచి లోపలికి 148.6, తీసేస్తే బయటికి 54.6. కొత్తదానికి సగం 108. నలభై కలిపితే లోపలికి 148, తీసేస్తే బయటికి 68. అంటే లోపల షాక్ అబ్సార్బర్ వైపు దాదాపు పాత దూరమే, బయటికి మాత్రం 13 మిల్లీమీటర్లు జరిగింది. ముందు ఫెండర్ అంచుకి దగ్గరగా వచ్చింది, తగల్లేదు. స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, వెనక ఇద్దర్ని కూర్చోబెట్టి చూశాను. బోల్టుల వలయం 5 గుణకం 120, అంటే 120 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టులు, మధ్య రంధ్రం 72.6 మిల్లీమీటర్లు ఉండాలి. మధ్య రంధ్రం పెద్దదైతే ఆ ఖాళీని పూడ్చే హబ్ రింగ్ లేకుండా వేయొద్దు.

ఒక్కో వీల్ పాతదానికంటే రెండు కిలోల దాకా తేలిక. తూకం మీద కంటే చేత్తో ఎత్తినప్పుడు తెలుస్తుంది ఆ హాయి. స్ప్రింగులు మోసే బరువు వేరు, స్ప్రింగుల కింద వేలాడే బరువు వేరు. కిందిది తగ్గితే చక్రం గతుకు వెంట త్వరగా దిగుతుంది, టైరు నేలని వదలదు. పాత బండిలో పగుళ్ల రోడ్డు మీద వచ్చే ఆ గడగడ సగానికి సగం మెత్తబడింది.

బోల్టుల్ని నక్షత్రం వరసలో, చేత్తో ఆనించి, తర్వాత టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి బిగించాను. బోల్టు కూర్చునే చోట గ్రీజు రాయలేదు. నిన్న సాయంత్రానికి వంద కిలోమీటర్లు అయ్యాయి, ఇదిగో మళ్లీ రెంచ్ పెడుతున్నా. ముందు ఎడమ చక్రంలో ఒక బోల్టు పావు చుట్టుకి కాస్త తక్కువ తిరిగింది. మిగతావన్నీ పెట్టగానే క్లిక్‌మన్నాయి. ఫోన్లో టెంపరేచర్ 96 చూపిస్తోంది.