షెఫీల్డ్ వీధి చెట్లు: కొట్టివేత అసలు ఎక్కడ నిర్ణయమైంది?

నమస్కారం. రోడ్డు పక్కన ఏళ్ల తరబడి పెరిగిన చెట్లను కొట్టవద్దని ఎవరైనా అడ్డుపడితే చాలు, "మీకు రోడ్డు కావాలా, చెట్లు కావాలా?" అన్న ప్రశ్న వస్తుంది. హైదరాబాద్ దగ్గర చేవెళ్ల దారిలో, రోడ్డు వెడల్పు కోసం కొట్టాలన్న మర్రిచెట్ల చర్చలోనూ ఇదే వినిపించింది. ఈ ప్రశ్నే తప్పని నా గట్టి అభిప్రాయం. ఎందుకు తప్పో చూపడానికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. అక్కడ చెట్లకు కాపలా నిలిచినవారు రోడ్ల బాగుకు వ్యతిరేకులు కారు. గుంతల నగరమని పేరుపడిన ఊరిలో రోడ్లు బాగుపడాలని వారూ కోరుకున్నారు. వారు అడిగింది ఒక్కటే: ఈ చెట్టును కొట్టాలన్న నిర్ణయం చెట్టును చూశాక జరిగిందా, చూడకముందే జరిగిందా?

2012లో షెఫీల్డ్ నగర కౌన్సిల్ తన రోడ్లు, కాలిబాటలు, వీధి దీపాలు, వీధి చెట్ల నిర్వహణ మొత్తాన్ని 25 ఏళ్ల పాటు 'ఏమీ' (Amey) అనే పేరున్న ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఒప్పందం విలువ సుమారు 220 కోట్ల పౌండ్లు. అప్పటికి నగరంలో దాదాపు 36,000 వీధి చెట్లు ఉన్నాయి. ఒప్పందంలో మాత్రం 17,500 చెట్లను తొలగించి కొత్తవి నాటాలన్న అంకె ఉంది, అంటే దాదాపు సగం. అంతకు ముందు, 2006-07లో, కౌన్సిల్ స్వయంగా చేయించిన సర్వే కొట్టివేయాలని సూచించిన చెట్లు సుమారు వెయ్యి మాత్రమే. మరో పది వేల చెట్లకు కొమ్మలు కత్తిరించడం వంటి సంరక్షణ సరిపోతుందని చెప్పింది. వెయ్యి ఎక్కడ, పదిహేడు వేల అయిదు వందలు ఎక్కడ? ఈ వివాదమంతా ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే పుట్టింది.

ఆ ఖాళీ ఎలా ఏర్పడుతుందో తెలియడానికి పది తలుపులున్న ఒక పాత ఇంటిని ఊహించుకోండి. దాని మరమ్మతులను 25 ఏళ్లకు ఒక వడ్రంగికి గుత్తకు ఇచ్చాము. వానాకాలంలో చెక్క ఉబ్బి ఒక తలుపు గడపకు పట్టేసింది. చిత్రిక పడితే అది మళ్లీ చక్కగా మూసుకుంటుంది, కానీ వచ్చే ఏడు వడ్రంగి మళ్లీ రావలసి ఉంటుంది. ఇచ్చే సొమ్ము ముందే ఖరారైంది కాబట్టి అతడు వచ్చిన ప్రతిసారీ ఆ ఖర్చు అతడిదే. పైగా "అయిదు తలుపులు మార్చాలి" అని ఒప్పందంలోనే రాసి ఉందనుకోండి. అప్పుడు మంచి టేకు తలుపు కూడా, ఒక మూల పట్టేసినంత మాత్రాన, మార్చవలసిన తలుపుల జాబితాలో చేరుతుంది. వడ్రంగి చెడ్డవాడు కానక్కరలేదు, ఒప్పందం రాసిన తీరే అతడిని అటు నడిపిస్తుంది.

షెఫీల్డ్‌లో ఆ జాబితాకు ఆరు కారణాలు ఉండేవి. చెట్టు ప్రమాదకరంగా ఉండడం, చనిపోవడం, చనిపోతూ ఉండడం, తెగులు సోకడం, కాలిబాటను దెబ్బతీయడం, వీల్‌చైర్లకూ నడవలేనివారికీ అడ్డు కావడం. ఇంగ్లీషులో ఆరూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి వాటిని "ఆరు డీలు" అనేవారు. మొదటి నాలుగింటిపై పెద్దగా పేచీ లేదు. గొడవంతా అయిదో కారణం దగ్గరే. వేరు పెరిగి కాలిబాట అంచురాయిని రెండంగుళాలు లేపితే అది "దెబ్బతీయడం" కిందకే వస్తుంది. అది పట్టేసిన తలుపు, పాడైన తలుపు కాదు. అంచురాయిని కాస్త ముందుకు జరపవచ్చు, పలుచని రాయి వేయవచ్చు, వేరుతో పాటు వంగే మెత్తని పూత పరచవచ్చు. ఇటువంటి పద్నాలుగు ఇంజనీరింగ్ పరిష్కారాలు తమ వద్ద ఉన్నాయని కౌన్సిల్ చెబుతూనే వచ్చింది. ఆచరణలో వాటి వాడకం చాలా తక్కువ.

చెల్సీ రోడ్డులోని ఎల్మ్ చెట్టు దీనికి తిరుగులేని సాక్ష్యం. బ్రిటన్‌లో 1970ల నుంచి డచ్ ఎల్మ్ తెగులుకు కోట్లాది ఎల్మ్‌లు చచ్చిపోగా, వందేళ్లు దాటిన ఈ చెట్టు నిలబడింది. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఎల్మ్ చెట్టు తప్ప మరొకటి తినని ఒక అరుదైన సీతాకోకచిలుకకు అది ఆవాసం కూడా. అటువంటి చెట్టు కాలిబాటను పాడుచేస్తోందన్న కారణంతో కొట్టివేత జాబితాకెక్కింది.

"కొట్టిన ప్రతి చెట్టుకూ ఒక మొక్క నాటుతున్నాము కదా" అన్న సమాధానం ఉంది. నా తలుపుల పోలిక సరిగ్గా ఇక్కడ ఆగిపోతుంది. కొత్త తలుపు బిగించిన రోజు నుంచే పని చేస్తుంది, మొక్క అలా చేయదు. నీడా, వాననీటిని ఆపే ఆకుల విస్తీర్ణమూ, గూళ్లకు తావూ ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. లెక్కలో ఒకటికి ఒకటి సరిపోయినా, ఆ వీధిలో నడిచే ఒక తరం నష్టపోతుంది.

ప్రజలు అభ్యంతరం చెప్పిన చోట్ల సలహా కోసం కౌన్సిల్ ఒక స్వతంత్ర నిపుణుల బృందాన్ని నియమించింది, కానీ చెట్లను నిలపమన్న దాని సూచనల్లో అధిక భాగాన్ని తోసిపుచ్చింది. 2016 నవంబరు 17న, తెల్లవారకముందే, రస్ట్లింగ్స్ రోడ్డు ఇళ్ల తలుపులు పోలీసులు తట్టి, నిద్రలేపి, కార్లు తీయమన్నారు. ఎనిమిది చెట్లను నరికేశారు. అక్కడ చాలా చెట్లను కాపాడవచ్చన్న బృందం నివేదిక బయటికి వచ్చింది కూడా ఆ వేకువనే. అడ్డుకున్న ముగ్గురిని అరెస్టు చేశారు. వారిలో ఇద్దరు డెబ్బైల వయసులో ఉన్న మహిళలు. ప్రయోగించినది 1992 నాటి కార్మిక సంఘాల చట్టం. ఆ అభియోగాలు తర్వాత వీగిపోయాయి, కానీ మధ్యతరగతి వీధులన్నీ ఆ ఉదయంతోనే ఉద్యమంలోకి వచ్చాయి.

సమయం తగ్గుతోంది కాబట్టి మిగిలినది వేగంగా చెబుతాను. 2017 ఆగస్టులో కౌన్సిల్ హైకోర్టు నుంచి నిరసనకారులపై నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. 2018 మార్చిలో, సమాచార స్వేచ్ఛా చట్టం కింద పట్టుపట్టి అడగడం వల్ల, 17,500 అంకె బయటపడింది. అది లక్ష్యం కాదని కౌన్సిల్ వాదించింది. అదే నెలలో కొట్టివేత ఆగింది. అప్పటికి 5,500కు పైగా చెట్లు పోయాయి. మన దగ్గర ఇదే పని 2005 నాటి సమాచార హక్కు చట్టంతో చేయవచ్చు: చెట్లకు గుర్తులు పడిన రోజునే, ఒప్పందంలో ఎన్ని చెట్లు రాశారు, ఏ సర్వే ఆధారంగా రాశారు అని లిఖితపూర్వకంగా అడగాలి. నరికాక వచ్చే జవాబు ఎవరికీ పనికిరాదు.

2021లో కౌన్సిలూ ఉద్యమకారులూ కలిసి కొత్త వీధి చెట్ల విధానం రూపొందించారు. అదే ఏడాది మే నెలలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, ఒక నాయకుడూ కొద్దిమంది సభ్యులూ నిర్ణయాలు తీసుకునే పద్ధతిని నగరం తిరస్కరించి కమిటీల పద్ధతిని ఎంచుకుంది. 2023 మార్చిలో, ఈ వివాదంపై సర్ మార్క్ లోకాక్ జరిపిన స్వతంత్ర విచారణ నివేదిక వచ్చింది. కౌన్సిల్ నాయకత్వం దీర్ఘకాలం తీవ్రంగా విఫలమైందనీ, కోర్టును సైతం తప్పుదోవ పట్టించిందనీ ఆయన తేల్చారు. కౌన్సిల్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. చెల్సీ రోడ్డు ఎల్మ్‌ను కొట్టలేదు. ఆ కాలిబాట మీద మనుషులు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నారు.