మాల తీసిన తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలి?

[దృశ్యం: తెల్లవారుజామున తిరుపతి. టీ కొట్టు బల్ల మీద రెండు చేతులు, మధ్యలో గ్లాసు. ముఖం కనిపించదు.]

నమస్కారం. ఈ వీడియోలో నా ముఖం చూపించను, పేరు చెప్పను. తాగుడు మానడానికి నేను వెళ్లే మీటింగ్ పద్ధతి అది. ఎందుకో మధ్యలో చెప్తాను.

నేను తాగుడు మానాలని కాణిపాకం వెళ్లి ప్రమాణం చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. అయ్యప్ప మాల కూడా వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మాల తీసిన మూడో రోజు మళ్లీ మొదలుపెట్టాను. మా అమ్మ ఏడ్చింది. "నీకు దేవుడంటే కూడా భయం లేదురా" అంది.

భయం ఉంది. భక్తీ ఉంది. లేనిదేమిటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దీక్షలో ఉన్నప్పుడు పొద్దున్నే లేపడానికి పక్కన స్వాములు ఉన్నారు. సాయంత్రం భజన ఉంది. తడబడితే చెప్పడానికి గురుస్వామి ఉన్నాడు. మాల తీశాక అందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నేను ఒక్కణ్ణే మిగిలాను. అలా విడిపోకుండా ఏడాది పొడుగునా ఉండే గుంపు ఒకటి కావాలి. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు, అలాంటిదే. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగులు.

[దృశ్యం: పాతకాలపు నల్ల ఫోన్ బొమ్మ.]

ఇది ఎలా మొదలైందో ఒక్క మాట. 1935లో న్యూయార్క్ షేర్ల వ్యాపారి ఒకాయన పని మీద ఆక్రన్ అనే ఊరికి వెళ్లాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. అక్కడ పని చెడింది. హోటల్లో బార్ ఎదురుగానే ఉంది. ఆయన బార్‌లోకి వెళ్లకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి, ఈ ఊళ్లో నాలాగే తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉన్నారా అని వెతికాడు. ఒక సర్జన్ దొరికాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఏఏ అక్కడే పుట్టింది. ఇప్పటికీ జరిగేది అదే: తాగుడుతో బాధపడినవాడు అలాంటివాడితోనే మాట్లాడటం.

[దృశ్యం: ఆస్పత్రి ఓపీ వరుస. తెర మీద పెద్ద అక్షరాలు: ముందు డాక్టర్.]

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వినండి అన్నా. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేని మనుషులు కనిపించవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. కాబట్టి ముందు డాక్టర్‌కి చూపించుకోండి. తిరుపతిలో అయితే రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగం ఉంది. మీటింగ్ మందులకు బదులు కాదు, మందులు మీటింగ్‌కు బదులు కాదు.

మీటింగ్ ఎక్కడో ఎలా తెలుస్తుంది? ఆ ఓపీలోనే అడగండి. లేదా 14446కి ఫోన్ చేయండి. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టోల్ ఫ్రీ నంబరు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లోనూ వెతకవచ్చు. చోటూ టైమూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి. తెలుగులో మాట్లాడతారా, తమిళంలోనా? చిత్తూరు వైపు వాళ్లకు ఇది ముఖ్యం. రెండోది, ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అయితే భార్యనో తమ్ముణ్ణో వెంట తీసుకెళ్లవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. దగ్గర్లో లేకపోతే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి.

చర్చి గదిలోనో స్కూలు గదిలోనో జరుగుతుంటే మతం మారుస్తారేమో అని మా బావ భయపడ్డాడు. ఏఏకు ఏ మతంతోనూ సంబంధం లేదు. దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరు నమ్మే దేవుడు వాళ్లకే. నేను ఈ రోజుకీ ఏడుకొండలవాడికే దండం పెట్టుకుంటాను.

[దృశ్యం: గది గుమ్మం బయట చెప్పుల జతలు.]

మొదటి రోజు ఈ గుమ్మం దగ్గర పావుగంట నిలబడ్డాను. తెలిసినవాళ్లు చూస్తారేమో అని టెన్షన్. లోపల నిజంగానే తెలిసినాయన ఒకరు ఉన్నారు. లేచి కుర్చీ జరిపారు, అంతే. ఇక్కడ ఎవరిని చూశామో, ఏం విన్నామో బయట చెప్పరు. మీడియాలో ముఖం, పూర్తి పేరు చూపించకూడదన్నదీ అందుకే. ఎవరూ పేరు కోసం ముందుకు రాకూడదు, కొత్తవాడికి భయం ఉండకూడదు.

ఫీజు లేదు. చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, కొత్తవాళ్లు వేయక్కర్లేదు. చేరడానికి కావలసింది తాగుడు మానాలనే కోరిక ఒక్కటే. ఒక్కొక్కరు తమ కథ చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలు ఇవ్వరు. మీ వంతు వస్తే "ఈ రోజు వినడానికే వచ్చాను" అనండి, చాలు. జీవితాంతం మానేస్తానని ఒట్టు వేయమని ఎవరూ అడగరు. ఈ ఒక్క రోజు తాగను, అంతే. కాణిపాకంలో నా నెత్తిన పెట్టుకున్న బరువు ఆ మాటతో దిగింది.

అక్కా, మీ ఇంటాయన రానంటే మీరైనా వెళ్లవచ్చు. కుటుంబాల కోసం అల్-అనాన్ అని 1951 నుంచి వేరే సంఘం ఉంది. ఆయన తాగడం మీ తప్పు కాదు.

[దృశ్యం: మళ్లీ టీ కొట్టు. బల్ల మీద ఫోన్.]

మీటింగ్ అయ్యాక తొందరపడి వెళ్లిపోకండి. టీ తాగి, ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకోండి. కొన్నాళ్లకు వాళ్లలో ఒకరిని స్పాన్సర్‌గా ఉండమని అడగవచ్చు. దీక్షలో గురుస్వామిలాగా, మనకంటే ముందు ఆ దారి నడిచిన మనిషి. తాగాలనిపించినప్పుడే ఫోన్ చేయండి, తాగేదాకా ఆగొద్దు. ఒకవేళ తాగేసినా చేయండి. నేను చేశాను. "రేపు మీటింగ్‌కి వస్తావా?" అని అడిగారు.