స్కోక్లాండ్: సముద్రం వదిలేసిన ద్వీపం

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, పొద్దున్నే లేచి పులిహోర కలిపి తెచ్చిన అక్కయ్యలకి పేరుపేరునా ధన్యవాదాలు చెప్పాలి, చెప్పేశాననుకోండి. నాకిచ్చిన టాపిక్ ‘నెదర్లాండ్స్‌లో చూడదగ్గ పల్లెలు’. నేను ఒక్కదాని గురించే మాట్లాడతాను.

ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే మనం కాలవల ఊరు గీథోర్న్ తీసుకెళ్తాం, పడవెక్కిస్తాం, ఫొటోలు దిగుతాం, వచ్చేస్తాం. అక్కడికి దగ్గర్లోనే స్కోక్లాండ్ ఉంది, 1995లో ఈ దేశానికి మొట్టమొదటి యునెస్కో వారసత్వ గుర్తింపు తెచ్చిన చోటు, అటు మాత్రం ఒక్కరూ కారు తిప్పరు. నా కడుపుమంట ఇదే.

అది ఒకప్పుడు జౌదర్‌జే సముద్రంలో సన్నటి ద్వీపం. నేల కోసుకుపోతుంటే జనం మట్టి దిబ్బలు పోసుకుని వాటి మీద ఇళ్ళు కట్టుకున్నారు. ఉత్తరాన ఎమ్మెలోర్ట్‌లో కాథలిక్కులు, దక్షిణాన ప్రొటెస్టెంట్లు. అంత చిన్న చోట కూడా రెండు వర్గాలు, మన ఊళ్ళే నయం అనకండి! 1825 తుఫానులో ఊళ్ళు చితికిపోయాయి. దక్షిణాన మిడ్డెల్‌బ్యూర్ట్ అనే దిబ్బ మీద ఇప్పుడు కనిపించే చర్చి ఆ తర్వాత, 1834లో కట్టింది.

అయినా లాభం లేకపోయింది. 1859లో రాజు మూడో విల్లెం ఆజ్ఞతో సుమారు 650 మందిని ఖాళీ చేయించారు. కాంపెన్, వోలెండాం, వోలెన్‌హోవె, ఎవరికి తోచిన దిక్కుకి వాళ్ళు. ఇళ్ళు నేలమట్టం. ఎమ్మెలోర్ట్ చర్చిని విప్పి ఓమ్మెన్ అనే ఊళ్ళో మళ్ళీ కట్టుకున్నారు. మీలో శ్రీశైలం ముంపు ఊళ్ళవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే ఇంక నేను చెప్పేదేమీ లేదు, మీరే వచ్చి మైకు తీసుకోండి.

సెక్రటరీగారు గడియారం చూపిస్తున్నారు. రెండే నిమిషాలు సార్.

అసలు విడ్డూరం ఇక్కడుంది. 1932లో సముద్రానికి అడ్డంగా ఆఫ్‌స్లౌట్‌డైక్ కట్ట పూర్తయింది, 1942కల్లా ఈ ద్వీపం చుట్టూ ఉన్న నీళ్ళన్నీ తోడేశారు. నీళ్ళకి భయపడి జనాన్ని పంపించిన చోట నీళ్ళే లేకుండా పోయాయి! ఇప్పుడు వెళ్తే దిబ్బ అంచున అలల్ని ఆపడానికి పాతిన కర్ర దుంగలు వరసగా ఉంటాయి, వాటికి అవతల చూస్తే పొలాలు. ఉత్తరాన పాత రేవు గడ్డిలో ఉంది. పక్కన కొత్తగా కట్టిన టౌనుకి ఎమ్మెలోర్ట్ అని పాత పేరే పెట్టారు, ద్వీపం వదిలి వెళ్ళాల్సొచ్చినవాళ్ళ మనవళ్ళని పిలిచి మొదటి ఇళ్ళు వాళ్ళకిచ్చుంటే ఎంత బాగుండేదో అని నాకనిపిస్తుంది.

ఇంకొకటి చెప్పి దిగిపోతాను. అడుగున ఉన్నది పీట్ నేల, అంటే తడిలో సగం కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడ్డ నేల, తడి తగ్గితే కుళ్ళి కుంగిపోతుంది. చుట్టూ ఆరబెట్టేసరికి ద్వీపం మెల్లగా దిగబడటం మొదలైంది. అందుకని ఇప్పుడు దాని పక్క పొలాల్లో కొంత మేర సాగు మానిపించి, నేలలో నీటిమట్టం కావాలనే పెంచి కాపాడుతున్నారు. ప్రశ్నలేమైనా ఉంటే భోజనాల దగ్గర అడగండి, పులిహోర అయిపోకముందే.